పొలిమేర దాకా ఊపిరి

చేయాల్సిన పనులన్నీ రాజశ్రీ నోటుబుక్కు చివరి పేజీలో రాసుకుంది.

డాక్టరు దగ్గర సంతకం పెట్టి డిశ్చార్జి కాగితం తీసుకోవడం. ఆక్సిజన్ సిలిండరు ముల్లు చూసుకోవడం. మాస్కు ఇంకొకటి అడిగి పెట్టుకోవడం. అంబులెన్సు ఇమ్మానుయేలన్నను పదింటికల్లా రమ్మనడం. నాయన పంచె, తువ్వాలు, కండ్లద్దాలు మూట కట్టడం. అమ్మకు రెండు ఇడ్లీలన్నా తినిపించడం. ఊరికి ఫోను చేసి వసారా ఊడ్చి మంచం వేసి పెట్టమనడం. సచివాలయంలో సెలవు చీటీ. అన్నిటికంటే కింద, రెండు గీతలు గీసి మరీ రాసిన పని: మధ్యాహ్నం ఒంటిగంటన్నరకల్లా ఊరి పొలిమేర దాటడం.

పైవాటిలో ఏది తప్పినా సర్దుకోవచ్చు. ఆఖరిది తప్పితే మాత్రం మిగతావన్నీ చేసీ చేయనట్లే.

గానుగమిట్టలో ఒక కట్టుబాటుంది. ఊరి బయట ఊపిరి పోయిన మనిషిని పొలిమేర దాటించి లోపలికి తేరు. ఎంతటివాడైనా సరే, పొలిమేర రాయి దగ్గర నాలుగు గుంజలు పాతి పైన పట్ట కట్టి, దాని కింద పడుకోబెడతారు. నీళ్ళు అక్కడే పోస్తారు, ఏడుపులు అక్కడే ఏడుస్తారు, అట్నుంచి అటే కాటికి ఎత్తుకుపోతారు. పలమనేరుకు నాలుగు మైళ్ళ ఇవతల కొండవాలులో ఉన్న ఊరది. ఎనభై గడపలు. ఎందుకలా అని అడిగితే ముసలివాళ్ళకు కూడా తెలియదు. మా పెద్దోళ్ళు చేసినారు, మేం చేస్తా ఉండాం అంటారు.

రాజశ్రీ తండ్రి చిన్నబ్బకు ఆ పట్ట కింద పడుకోవడమంటే చావుకంటే ఎక్కువ భయం. అతని అన్న బెంగుళూరులో మేడ కడుతూ సారువ కట్టెల మీంచి పడి చనిపోయినాడు. ఆ రోజు ముసురు. పొలిమేర దగ్గర పట్ట చిల్లుల్లోంచి శవం మొహం మీద నీళ్ళు కారుతూ ఉంటే, చిన్నబ్బ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అరచేయి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఆ రాత్రే కూతురితో చెప్పినాడు. "నాకట్లా వద్దు పాపా. నేను కట్టిన వసారాలో పండుకోబెట్టి, ఆణ్ణించి ఎత్తండి. ఇంగేమీ అడగను."

రాజశ్రీ అప్పుడు డిగ్రీ చదువుతోంది. ఆ ఇంట్లో పది దాటి చదివిన మొదటి మనిషి. ఈ కట్టుబాటు తప్పని, మనిషికి ఇల్లు కాకుండా చేసే ఆచారం ఏమి ఆచారమని కాలేజీలో వ్యాసం కూడా రాసింది. కానీ ఇప్పుడు ఊరితో వాదించే కాలం కాదు. తండ్రి అడిగింది ఒకే ఒక్కటి. అది జరగాలంటే పొలిమేర రాయి దాటేదాకా ఆయన గుండె మీద దుప్పటి లేస్తూ, పడుతూ ఉండాలి. అంతే.

తిరుపతి ఆసుపత్రిలో డాక్టరు దాచకుండా చెప్పేశాడు. "ఈ రోజో, రేపో అమ్మా. ఊపిరితిత్తుల్లో మిగిలిందేమీ లేదు. ఇంటికి తీసుకుపోతామంటే అడ్డం చెప్పను. ఆక్సిజను మాత్రం నిమిషానికి ఆరు లీటర్ల కంటే తగ్గించొద్దు."

చిన్నబ్బ జబ్బుకు డాక్టర్లు ఏదో పేరు పెట్టినారు. గానుగమిట్టలో దాన్ని రాతిదగ్గు అంటారు. చిత్తూరు నుంచి పలమనేరు పోయే కనుమదారిని వెడల్పు చేసినప్పుడు, ఊళ్ళో మొగవాళ్ళు పద్దెనిమిది మంది కొండకు బెజ్జాలు వేసే పనికి పోయినారు. నడుముకు తాడు కట్టుకుని, ఏటి మీద వేలాడుతూ, డ్రిల్లింగు మిషను కడుపుకు ఆనించుకుని తొలిచేవాళ్ళు. దుమ్ము పడకుండా తువ్వాలు తడిపి ముక్కుకు చుట్టుకొమ్మని మేస్త్రీ చెప్పేవాడు. ఆ ఎండకు తువ్వాలు పది నిమిషాలు కూడా తడిగా ఉండేది కాదు. ఆ పద్దెనిమిది మందిలో పదకొండు మంది ఇప్పుడు లేరు.

పదిన్నరకు బండి కదిలింది. ఇమ్మానుయేలు సిలిండరు ముల్లు చూసి, "ఆరు మీద పెడితే మూడుగంటలు గట్టిగా వస్తాది పాపా. ఇంగా పైనే వస్తాది. మనకు పట్టేది రెండున్నర. నువ్వు దిగులు పడొద్దు," అన్నాడు. చిత్తూరు మనిషి. పదహారేళ్ళుగా అంబులెన్సు నడుపుతున్నాడు. స్టీరింగుకు చిన్న శిలువ కట్టుకున్నాడు.

చిత్తూరు దాటేదాకా చిన్నబ్బ బాగానే ఉన్నాడు. మాస్కులోంచి మాట సన్నగా, ఆగి ఆగి వస్తోంది.

"ఏమే జ్ఞానా."

"ఊ," అంది భార్య జ్ఞానాంబ. ఆమె పొద్దుటి నుంచి ఆయన కుడి పాదాన్ని రెండు చేతుల్లో పట్టుకుని వదల్లేదు.

"ఈ రోడ్డు మీద శానాసార్లు లారీ టాపు మీద పోయినా. ఇప్పుడు సూడు. పరుపు మీద పండుకోని, ముందర కుయ్ కుయ్ మని ఊదుకుంటా. కలెక్టరు మాదిరి."

"కలెక్టరుకు ఇంత మర్యాద లేదు మామా," అన్నాడు ఇమ్మానుయేలు ముందు నుంచి. "ఆయప్పకు దావ ఇయ్యనోళ్ళు కూడా నీకిస్తారు."

"వాళ్ళకూ తెలుసు గదప్పా. రేపు వాళ్ళ వంతని."

"ఊరుకో నాయనా. మాట్లాడితే ఆయాసమొస్తాది," అంది రాజశ్రీ.

"వచ్చేదేందే పాపా. వచ్చి కూసోనే ఉండాది."

బంగారుపాళ్యం దాటింది. రోడ్డుకు రెండు వైపులా మామిడితోపులు. కాపు అయిపోయి, వానలకు కడిగినట్లు నల్లపచ్చగా ఉన్నాయి. పన్నెండుంపావుకు కనుమ మొదలైంది. ఎడమ చేతికి కొండ, కుడి చేతికి లోయ. లోయలో అడుగున ఏరు. నాలుగు రోజులుగా పైన వానలు పడుతున్నాయేమో, బండి మోతలో కూడా నీళ్ళ హోరు వినిపిస్తోంది. అంబులెన్సు కిటికీలకు ముప్పావు దాకా తెల్లకాగితం అంటించి ఉంది. పైన మిగిలిన జానెడు అద్దంలోంచి ఆకాశం ముక్క, కొండ అంచు తప్ప ఇంకేమీ కనబడదు.

మూడో మలుపులో బండి ఆగిపోయింది.

ముందు లారీలు, బస్సులు, కార్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఇమ్మానుయేలు దిగి పోయి, పది నిమిషాలకు చెమటతో తిరిగొచ్చాడు.

"టమేటా లారీ పడిపోయిందమ్మా, దావకడ్డంగా. డ్రైవరు బతికినాడు. మనుషులు లారీని ఎత్తేది మాని సంచుల్లో టమేటాలు నింపుకుంటా ఉండారు. ఒకాయప్ప కారు డిక్కీ నిండా పోసుకుంటాన్నాడు. అంబులెన్సు ఉండాదప్పా అంటే, ఉండనీలే, నువ్వూ ఒక సంచి తీసుకో అంటాడు."

"ఎంతసేపు పడతాదన్నా?"

"చిత్తూరు నించి క్రేను రావాలంట. రెండు గంటలని ఒకడు, మూడు గంటలని ఒకడు. నేను పోయి మళ్ళీ మాట్లాడతా. ఒక పక్కన సందు చేసినా మనం దూరిపోవచ్చు." వెంటనే మళ్ళీ పరిగెత్తాడు.

రాజశ్రీ గడియారం చూసింది. పన్నెండూ ముప్పై అయిదు. సిలిండరు ముల్లు చూసింది. సగం కిందికి దిగింది. ఆరు మీద పోతే గంటో, గంటంపావో. దావ తెరవడానికి రెండు గంటలైతే, ఆపైన ఊరికి ఇంకో అరగంట. ఆమె లెక్కల్లో ఎప్పుడూ తప్పలేదు. సచివాలయంలో పింఛన్ల లెక్కలు, రేషను లెక్కలు ఆమె చూస్తే ఇంక ఎవరూ చూడనక్కర్లేదని పేరు. ఈ లెక్క కూడా ఒక్క క్షణంలో తేలింది. ఆరు మీద పోతే నాయన ఊపిరి ఈ లోయలోనే అయిపోతుంది. మూడు మీద పోతే పొలిమేర దాకా రావచ్చు. రెండు మీద పోతే తప్పకుండా వస్తుంది.

గాలి అయిపోతుందేమోనని చూసింది గానీ, మనిషి ముందే అయిపోతాడేమోనని ఆ లెక్కలో వేసుకోలేదు.

సిలిండరు మర మీద చేయి పెట్టి మెల్లగా రెండుకు తిప్పింది. గాలి పోయే సీసా నీళ్ళలో బుడగలు నెమ్మదించాయి. తల తిప్పేసరికి చిన్నబ్బ ఆమె చేతినే చూస్తున్నాడు.

"తగ్గించినావా?"

ఆమెకు అబద్ధం నోటికి రాలేదు. "కొంచెం నాయనా. ఇంటిదాకా రావాల గదా."

 చిన్నబ్బ కండ్లతోనే అవునన్నాడు. "మంచి పని. ఇంటిదాకా రావాల."

జ్ఞానాంబకు అర్థం కాలేదు. "ఏం తగ్గించినావే?" అంది.

"ఏం లేదు మా. ఎక్కువైతే వేస్టయిపోతాది."

ఆ మాట ఆమె నోటి నుంచే వచ్చింది. తర్వాత ఎన్నో రోజులు ఆ మాటే ఆమె చెవుల్లో తిరిగింది.

బండి లోపల ఉక్క పెరిగింది. చిన్నబ్బ మెడ నరాలు తాళ్ళలా లేచి దిగుతున్నాయి. పెదాల చుట్టూ రంగు మారింది. నీడ వల్ల అలా ఉందనుకుంది రాజశ్రీ. బయట ఎవరో నవ్వుకుంటూ, టమేటాల సంచి భుజాన వేసుకుని అంబులెన్సు పక్క నుంచి పోయినారు.

"పాపా," అన్నాడు చిన్నబ్బ. మాటకు మాటకు మధ్య ఎడం పెరిగింది. "ఇంగొక మలుపు తర్వాత... కటకటాలు కట్టినారే... జనాలు నిలబడి ఫొటోలు తీసుకుంటారే, ఆ తావ."

"ఊ."

"ఆడుండే కొండగుండు మేమే పగలగొట్టినాం. నేనూ, మునికుమారూ. తొమ్మిది నెలలు తాడుకు యాలాడినాం." ఊపిరి కోసం ఆగాడు. "అందురూ చెప్తారు, ఆణ్ణించి ఏరు శానా బాగుంటాదని. నేను సూడ్నే లే. కండ్ల నిండా దుమ్ము. పైన మిషను. కిందికి సూస్తే కండ్లు తిరుగుతాయని సూడొద్దనేవాడు మేస్త్రీ." మళ్ళీ ఆగాడు. "ఆడ... ఒక్క నిముషం ఆపమని చెప్పు ఆయప్పకు. తలుపు తీసి, కొంచెం ఎత్తి పెట్టండి."

"అట్నేలే నాయనా," అంది రాజశ్రీ.

ఒంటిగంటకు అనుకోకుండా ముందు బండ్లు కదిలాయి. క్రేను రాలేదు. రోడ్డు పనికి వచ్చిన మట్టి తవ్వే బండి ఒకటి ఎదురుగా వస్తూ ఉంటే, డ్రైవర్లంతా కలిసి దాంతోనే లారీని కొండ వైపుకు నెట్టించారు. ఇమ్మానుయేలు రొప్పుతూ వచ్చి ఎక్కాడు. బండి టమేటాల మీద నుంచి పోయింది. చక్రాల కింద పచపచమని శబ్దం.

రాజశ్రీ మర వైపు చూసింది. మళ్ళీ ఆరుకు తిప్పవచ్చు. కానీ పైన ఇంకో లారీ పడి ఉంటే? పలమనేరు సంతరోజు కదా, ఆ బండ్లతో దారి నిలిచిపోతే? ఇరవై అయిదు నిమిషాల దారి. ఇంత దూరం దాచుకున్నది ఇప్పుడు పారబోసుకోవడమెందుకనుకుంది. ఊరు చేరినాక పెంచుదామనుకుని చేయి వెనక్కు తీసుకుంది.

మలుపు వచ్చింది. కటకటాలు, మొక్కజొన్న కంకులు కాల్చే పొగ వాసన, పిల్లల కేకలు. కాగితం అంటించిన అద్దం మీద పచ్చటి వెలుగు కదిలింది. నీళ్ళ హోరు బండి లోపలికి వచ్చి నిండింది.

"పాపా," అన్నాడు చిన్నబ్బ.

ఇమ్మానుయేలు కూడా ఆ మాటలు విన్నాడేమో, బండి నెమ్మది చేసి వెనక్కు తిరిగాడు. "ఆపమంటావా పాపా? రెండు నిముషాలు."

గడియారంలో ఒంటిగంటా పది. రాజశ్రీ నోటుబుక్కులోని రెండు గీతలు ఆమె కండ్ల ముందు మెదిలాయి.

"ఆపొద్దన్నా. పోనీ. నాయనా, ఇల్లు చేరినాక... నీకు బాగైనాక మళ్ళీ వస్తాంలే."

అది జరగని మాటని ఆమెకు తెలుసు. చిన్నబ్బకూ తెలుసు.  తల కిటికీ వైపుకు తిప్పుకున్నాడు. తెల్లకాగితం మీద ఆ పచ్చదనం ఒక చివర నుంచి ఇంకో చివరకు పోయింది. హోరు తగ్గింది. మళ్ళీ కొండ నీడ పడింది.

మొదట కనిపెట్టింది జ్ఞానాంబ.

"పాపా. కాలు సూడు."

రాజశ్రీ కాలు చూడలేదు. దుప్పటి చూసింది. అది కదలడం లేదు. మర ఆరు దాకా తిప్పింది. పది దాకా తిప్పింది. మాస్కులో గాలి బుసకొట్టింది. ఆసుపత్రిలో నర్సు చూపించినట్లు గుండె మీద రెండు చేతులూ పెట్టి అదిమింది, లెక్కపెట్టుకుంటూ, ముప్పై, మళ్ళీ ముప్పై. ఎముకల కింద గుండె బదులు పలకలేదు. తండ్రి కండ్లు కిటికీ వైపే ఉన్నాయి.

ఆమె నోరు తెరిచింది. ఆ అరుపు బయటికి రాకముందే జ్ఞానాంబ అరచేయి దాని మీద పడింది.

"ఏడవొద్దు," అంది తల్లి. గొంతులో తడి లేదు. "ఇంగా రాయి దాటలే. మాస్కు తియ్యొద్దు. ఆ గాలి పోనీ, అట్నే బుస్సుమంటా పోనీ."

అంబులెన్సు వాళ్ళకు ఒక పద్ధతి ఉంది. లోపల మనిషి పోతే సైరను ఆపేస్తారు. పోయిన వాళ్ళకు దావ అడగకూడదని. ఇమ్మానుయేలు పదహారేళ్ళలో ఆ పద్ధతి తప్పలేదు. అద్దంలో వెనక్కు చూశాడు. చేయి బటను దాకా పోయింది. జ్ఞానాంబ అదే అద్దంలో అతన్ని చూసింది.  అతను కాసేపు బటను మీదే వేలు పెట్టి ఉంచి, తీసేశాడు. సైరను మోగుతూనే ఉంది.

పలమనేరుకు ముందే ఎడమ చేతికి తిరిగారు. ఎర్రమట్టి దావ. పొలిమేర రాయి దగ్గర పదిమంది నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనక నాలుగు గుంజలు పాతి, నీలం పట్ట ఒకటి కట్టి పెట్టారు. రాజశ్రీ అది చూసి తల దించుకుంది. వసారా ఊడ్చినవాళ్ళే ఇదీ కట్టి ఉంటారు. ఏది కావాల్సి వస్తుందో తెలియక, రెండూ సిద్ధం చేసినారు.

మునికుమార్ ముందుకొచ్చాడు. చిన్నబ్బతో పాటు తాడుకు వేలాడినవాడు. ఇప్పుడు కట్టె ఆనించుకోకుండా పది అడుగులు వేయలేడు. ఊళ్ళో పెద్దమనిషి అతనే. అతను చెప్పిందే పొలిమేర మాట.

"ఆపప్పా బండి," అన్నాడు. "తలుపు తియ్యి. సూడాల."

"మామా, గాలి తగిలితే ఆయనకు..." అన్నాడు ఇమ్మానుయేలు.

"తియ్యప్పా. నా కండ్లతో సూడందే నేను చెప్పకూడదు. అది నీకు తెలీదు, మాకు తెలుసు."

తలుపు తెరుచుకుంది. మునికుమార్ కట్టె పక్కన ఆనించి, ఆయాసపడుతూ లోపలికి వంగాడు. మాస్కు చూశాడు. బుసకొడుతున్న గాలి విన్నాడు. జ్ఞానాంబ మొహం చూశాడు. చేయి చాపి, చిన్నబ్బ ఎడమ పాదాన్ని గుప్పిట్లో పట్టుకున్నాడు. పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

రాజశ్రీకి ఆ క్షణంలో తెలిసిపోయింది, మునికుమార్‌కు తెలిసిపోయిందని.

వెనక నుంచి ఎవరో అడిగారు. "ఏం మామా? ఉండాదా?"

మునికుమార్‌కు దగ్గు వచ్చింది. లోపలి నుంచి పెకిలించుకుని వచ్చే దగ్గు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, అది తగ్గేదాకా వంగే ఉన్నాడు. తర్వాత నిటారుగా లేచి వాళ్ళ వైపు తిరిగాడు.

"ఉండాది. సన్నంగా ఉండాది. దావ ఇయ్యండ్రా, బిన్నా పోనీ. ఇంట్లో దించినాక సూసుకుందాం."

"పట్టేం చేసేది మామా?"

"విప్పి పారెయ్."

చిన్నబ్బను తాను కట్టిన వసారాలో, తన మంచం మీద పడుకోబెట్టారు. పావుగంట తర్వాత మునికుమార్ మంచం పక్కనే కూర్చుని, ముక్కు దగ్గర వేలు పెట్టి, ఇప్పుడు పోయినాడని ఊరికి చెప్పాడు. అప్పుడు జ్ఞానాంబ ఏడ్చింది. అప్పటిదాకా దాచిపెట్టుకున్నదంతా ఏడ్చింది. చిన్నబ్బ కోరుకున్నట్లే జరిగింది. ఇంట్లోనే నీళ్ళు పోశారు, ఇంట్లోంచే ఎత్తారు.

ఎత్తకముందు ఇమ్మానుయేలు సిలిండరు సర్దుకోవడానికి బండి ఎక్కాడు. రాజశ్రీ కూడా వెనకే వచ్చి నిలబడింది.

"ఎంత ఉండాదన్నా ఇంగా?"

ఇమ్మానుయేలు ముల్లు మీద అరచేయి కప్పేశాడు. "అయిపోయింది పాపా. ఇప్పుడే అయిపోయింది."

అతను అలా కప్పకముందే ఆమె చూసింది. అంతసేపు పది మీద పోయినాక కూడా ముల్లు సున్నాకు రాలేదు. ఆరు మీదే పోయి ఉన్నా, ఆ మలుపులో ఆగి ఉన్నా, ఊరు చేరి ఉండేవాళ్ళు. ఇంకా కొంచెం మిగిలేది కూడా.  అతను చెప్పిన అబద్ధానికి తల ఊపింది. ఆ రోజు ఆమె కోసం అందరూ తలా ఒకటి చెప్పినారు. దీన్ని మాత్రం కాదనడమెందుకనుకుంది.

ఆయన ఒప్పుకున్నాడు కదా అని ఆమె తనకు తాను చెప్పుకోవాలని చూసింది. మంచి పని అన్నాడు కదా అని. కానీ ఆయన అడిగినవి రెండు. ఒకదానికోసం ఇంకొకదాన్ని ఆమె కాదంది. రెండూ ఇవ్వడానికి సరిపడా ఊపిరి ఆ ఇనుపబుడ్డిలో ఉండగానే కాదంది. ఈ సంగతి తల్లితో చెప్పలేదు, ఎవరితోనూ చెప్పలేదు. కర్మాంతరాలు అయినాక మళ్ళీ ఉద్యోగానికని తిరుపతి బస్సెక్కింది. కనుమ దిగుతూ ఉంటే జనం కిటికీల్లోంచి ఫోన్లు చాపి ఏటిని వీడియోలు తీసుకున్నారు. పక్కనున్న ఆడమనిషి, "ఎంత బాగుండాది సూడు పాపా, ఈ పక్కకు రా," అని చోటిచ్చింది. రాజశ్రీ లేచి, ఆ కిటికీ దగ్గర నిలబడి, మలుపు దాటేదాకా రెప్ప వేయకుండా చూసింది. చాలా బాగుంది. అది అంత బాగుండటమే ఆమెకు అన్నిటికంటే కష్టమైంది.

ఈ కథ చదివిన మీరు కూడా ఎప్పుడో ఒకప్పుడు ఆ దారిన పోతారు. కటకటాల దగ్గర బండి ఆపుకుంటారు, కంకి కొనుక్కుంటారు, ఫొటో తీసుకుంటారు. తీసుకోండి, అందులో తప్పేమీ లేదు. చూడటానికి బాగుందనే కదా అక్కడ ఆగేది. ఆగినప్పుడు ఒక్క నిమిషం, ఆ కొండను తొమ్మిది నెలలు తొలిచి, ఆ ఏటిని ఒక్కసారి కూడా నిలబడి చూడకుండా పోయిన మనిషిని తలుచుకోండి. పేరు చిన్నబ్బ. ఊరు గానుగమిట్ట. మరిచిపోవద్దు.